వార్‌క్రాఫ్ట్‌కా, ఫైనల్ ఫాంటసీకా: మీ సాయంత్రాలు దేనికి ఇవ్వాలి?

ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ ఆట ఒకటి మొదలుపెట్టాలనుకునేవారిలో చాలామంది వెతికి వెతికి చివరికి ఈ రెండు పేర్ల దగ్గరే ఆగుతారు. ఒకటి బ్లిజార్డ్ సంస్థ 2004 నవంబరులో విడుదల చేసిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. మరొకటి స్క్వేర్ ఎనిక్స్ వారి ఫైనల్ ఫాంటసీ 14. రెండింటికీ నెలనెలా చందా కట్టాలి. రెండింటిలోనూ దెబ్బలు కాసే ట్యాంక్, గాయాలు మాన్పే హీలర్, శత్రువును కొట్టే మిగతావారు అనే మూడు పాత్రలే. రెండూ రెండు మూడేళ్లకోసారి పెద్ద ఎక్స్‌పాన్షన్‌తో కొత్త కథ, కొత్త ప్రాంతాలు తెస్తాయి. వివరాల పట్టిక పక్కపక్కన పెట్టి చూస్తే తేడా పట్టుకోవడం కష్టం.

ఆడటం మొదలుపెట్టాక తేడా చాలా పెద్దది. ఫైనల్ ఫాంటసీ మీ దగ్గర మొదట్లోనే ఓపిక అడుగుతుంది. వార్‌క్రాఫ్ట్ మొదట్లో ఏమీ అడగదు, కొన్ని వారాల తర్వాత తోడుగా మనుషులను అడుగుతుంది. ఈ రెండింటిలో మీ దగ్గర ఏది ఉందో చూసుకుంటే ఎంపిక దాదాపు అయిపోయినట్టే. బొమ్మలు ఎంత అందంగా ఉన్నాయి, ఎన్ని జాతులు ఉన్నాయి, ఎన్ని వాహనాలు ఎక్కవచ్చు అనే లెక్కలు దాని తర్వాతే వస్తాయి.

మొదటి వంద గంటలు

ఫైనల్ ఫాంటసీ 14లో అన్ని తలుపులకూ తాళంచెవి ప్రధాన కథే. కొత్త నగరంలో అడుగుపెట్టాలన్నా, కొత్త డంజన్ (చిన్న గుంపు కలిసి శత్రువులను ఎదుర్కొనే చోటు) తెరుచుకోవాలన్నా, తాజా రైడ్ (పెద్ద గుంపు చేసే కఠినమైన పోరాటం) చేరాలన్నా కథను వరుసగా పూర్తి చేసుకుంటూ రావాలి. ఎ రెల్మ్ రీబార్న్ అనే మూల ఆట తర్వాత వచ్చిన ఎక్స్‌పాన్షన్లు హెవెన్స్‌వర్డ్ (2015), స్టార్మ్‌బ్లడ్ (2017), షాడోబ్రింగర్స్ (2019), ఎండ్‌వాకర్ (2021), డాన్‌ట్రెయిల్ (2024). మధ్యలో ఏదీ వదిలేసి ముందుకు పోలేరు. డబ్బు కట్టి కథను దాటించే వస్తువు ఒకటి ఆట దుకాణంలో ఉంది. కొత్తవారు దాన్ని కొనకూడదని గట్టిగా చెబుతాను. ఈ ఆటలో మిగతా అన్నిటికన్నా విలువైనది ఆ కథే. దాన్ని దాటేయడానికి డబ్బు కడితే మిగిలేది వార్‌క్రాఫ్ట్ ఇంకా బాగా చేయగలిగిన పనులు.

మొదటి భాగం నెమ్మదిగా నడుస్తుందన్నది నిజం. ఊరూరా తిరుగుతూ ఒకరి సందేశం మరొకరికి చేర్చే పనులు చాలా ఉంటాయి. 2020 ఆగస్టులో వచ్చిన 5.3 ప్యాచ్ అనే మార్పుల విడతలో కొన్ని పనులు తీసేసి ఈ భాగాన్ని కుదించారు, ఆ ప్రాంతాలలో ఎగిరే వీలు కూడా కల్పించారు. అయినా సాగదీత పూర్తిగా పోలేదు. అక్కడ విసిగి మానేసేవారు ఎక్కువ. దాన్ని దాటి హెవెన్స్‌వర్డ్‌లోని ఇషగార్డ్ నగరం చేరినవారికి మాత్రం ఆట స్థాయి మారిపోతుంది. వెయ్యేళ్లుగా డ్రాగన్లతో పోరాడుతున్న ఆ నగరంలో మతం, వంశం, అబద్ధం కలిసి అల్లుకున్న తీరు చూశాక, అంతకుముందు నెమ్మదిగా పరిచయం చేసిన మనుషులను ఎందుకు పరిచయం చేశారో అర్థమవుతుంది. షాడోబ్రింగర్స్‌లో రాత్రి అనేదే కరువైన లోకంలోకి వెళతారు. అక్కడ ప్రతినాయకుడి దుఃఖం నాయకుడి దుఃఖమంత బరువుగా ఉంటుంది. నాకు తెలిసిన ఆన్‌లైన్ ఆటలలో ఇంతకు మించిన కథనం లేదు. అది ఒంటరిగా నిలబడే కథ కాదు, వెనక ఉన్న గంటలన్నీ దాని పునాది.

ఈ ఆట పుట్టుక కూడా అలాంటిదే. ఇది మొదటిసారి 2010 సెప్టెంబరులో విడుదలై ఘోరంగా విఫలమైంది. అదే ఏడాది డిసెంబరులో నవోకి యోషిదా బాధ్యత తీసుకున్నారు. పాత ఆటను నడుపుతూనే కొత్తదాన్ని నిర్మించారు. 2012 నవంబరులో పాత సర్వర్లు మూసేటప్పుడు ఆకాశం నుంచి ఒక చంద్రబింబం కూలి ఆ లోకం నాశనమైనట్టు కథలోనే చూపించారు. 2013 ఆగస్టులో వచ్చిన కొత్త ఆట ఆ విధ్వంసం జరిగిన ఐదేళ్ల తర్వాత మొదలవుతుంది. ఒక సంస్థ తన వైఫల్యాన్ని దాచకుండా దాన్నే కథకు ఆరంభం చేయడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

వార్‌క్రాఫ్ట్‌లో ఆరంభం దీనికి పూర్తిగా వేరు. 2020 నుంచి కొత్తవారిని ఒక చిన్న దీవిలో దింపి నడవడం, కొట్టడం, డంజన్‌కు వెళ్లడం కొద్ది గంటల్లోనే నేర్పేస్తారు. తర్వాత ఈమధ్య కాలపు ఎక్స్‌పాన్షన్ ప్రాంతాలలోకి పంపిస్తారు. రోజూ కాస్త సమయం పెడితే కొద్ది వారాల్లో గరిష్ఠ లెవెల్ చేరుకోవచ్చు. కథ చదవాలన్న నిర్బంధం లేదు, డంజన్లు ఆడుతూ కూడా లెవెల్ పెంచుకోవచ్చు. దీనికి చెల్లించే మూల్యం కథలోనే కనిపిస్తుంది. ఇరవై ఏళ్లకు పైబడిన కథ మధ్యలో వచ్చి పడతారు. ఈ రాణి ఎవరు, ఆ చెట్టు ఎందుకు కాలిపోయింది, వీళ్లిద్దరూ ఎందుకు మాట్లాడుకోరు అన్నవి మీకు ఎవరూ వరుసగా చెప్పరు. కథ కోసం ఆట వెతుకుతున్నవారికి ఇది తీరని లోటు. కథ మీద అంత పట్టింపు లేనివారికి ఇదే హాయి.

లోకం కట్టిన తీరులో మాత్రం వార్‌క్రాఫ్ట్‌దే పైచేయి. దాని ఖండాలు ఒకే ముక్కగా ఉంటాయి. ఒక కొన నుంచి మరో కొనకు మధ్యలో ఎక్కడా తెర నల్లబడకుండా ఎగిరి వెళ్లవచ్చు. 2022లో డ్రాగన్‌ఫ్లైట్ ఎక్స్‌పాన్షన్‌తో వచ్చిన ఎగిరే పద్ధతిలో వేగం, వాలు, ఎత్తు అన్నీ మీరే చూసుకోవాలి. దూకుతూ, లేస్తూ కొండల మధ్య పోవడమే ఒక ఆటలా ఉంటుంది. ఫైనల్ ఫాంటసీలో ప్రాంతాలు విడివిడి గదులు. ఒక్కో నగరమే రెండు మూడు ముక్కలు. ఊరికే తిరగడం ఇష్టమైనవారు ఈ ఒక్క సంగతిని తేలిగ్గా తీసుకోవద్దు.

యుద్ధం చేతికి ఎలా తగులుతుంది

ఒక నైపుణ్యం వాడాక మరొకటి వాడేందుకు ఆగాల్సిన వ్యవధి వార్‌క్రాఫ్ట్‌లో మామూలుగా 1.5 సెకన్లు, ఫైనల్ ఫాంటసీలో 2.5 సెకన్లు. కాగితం మీద చిన్న తేడాగానే కనిపిస్తుంది. చేతుల్లో మాత్రం అది రెండు వేర్వేరు ఆటలంత తేడా. వార్‌క్రాఫ్ట్‌లో మీట నొక్కిన వెంటనే పాత్ర కదులుతుంది, పరిస్థితి క్షణక్షణానికి మారుతుంది, మీరు స్పందిస్తారు. ఫైనల్ ఫాంటసీలో తొలి లెవెల్స్‌లో చేతిలో మూడు నాలుగు నైపుణ్యాలే ఉండి, ప్రతిదాని తర్వాతా ఎదురుచూపే ఉంటుంది. లెవెల్ పెరిగేకొద్దీ ఆ ఖాళీలలో ఇరికించే తక్షణ నైపుణ్యాలు చేరతాయి. అప్పుడు లయ కుదురుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పాత డంజన్‌లోకి వెళితే మీ లెవెల్‌ను దానికి తగ్గట్టు తగ్గిస్తారు, అప్పటిదాకా సంపాదించిన పై నైపుణ్యాలు ఆ కాసేపు ఉండవు.

పెద్ద బాస్‌ల, అంటే మామూలువారికన్నా చాలా బలమైన శత్రువుల, దగ్గర ఫైనల్ ఫాంటసీ పోరాటం నాట్యంలా ఉంటుంది. ఏ క్షణంలో ఏ దాడి వస్తుందో చాలావరకు ముందే నిర్ణయమై ఉంటుంది. ఎనిమిది మంది ఆ వరుసను కంఠస్థం చేసి, ఒక్కరూ తప్పకుండా ఆడాలి. శావేజ్ స్థాయి రైడ్‌లు, అంతకన్నా కఠినమైన అల్టిమేట్‌లు ఇలాంటివే. వార్‌క్రాఫ్ట్‌లో అత్యున్నత స్థాయి మిథిక్ రైడ్‌కు ఇరవై మంది కావాలి. అది ఒక చిన్న సంస్థను నడపడమంత పని: వేళలు, హాజరు, రానివారి స్థానంలో మరొకరు. ఐదుగురితో ఆడే మిథిక్ ప్లస్ డంజన్లు 2016లో లీజియన్ ఎక్స్‌పాన్షన్‌తో వచ్చాయి. ఇప్పుడు వార్‌క్రాఫ్ట్ గుండెకాయ అవే. గడియారంతో పోటీ పడుతూ డంజన్ పూర్తి చేస్తే తర్వాతిసారి కష్టం ఒక మెట్టు పెరుగుతుంది. దానికి పైన హద్దు లేదు. అరగంటలో ముగిసే ఉత్కంఠ కావాలంటే ఫైనల్ ఫాంటసీలో దీనికి సమానమైనది లేదు.

సర్వర్లు మీకు దూరంగా ఉంటే ఇంకో విషయం ఆలోచించాలి. ఫైనల్ ఫాంటసీలో పింగ్ (సర్వర్‌కు సంకేతం వెళ్లి వచ్చే సమయం) ఎక్కువైతే రెండు పెద్ద నైపుణ్యాల మధ్య రెండు తక్షణ నైపుణ్యాలు ఇరికించడం కష్టమవుతుంది, కొన్ని జాబ్‌లు (పాత్ర నేర్చుకునే వృత్తులు) అందుకే కుంటుపడతాయి. నేల మీద ప్రమాద సూచన కనిపించినప్పుడు, బాస్ మంత్రం పూర్తయ్యే క్షణానికే మీరు బయట ఉండాలి. పేలుడు బొమ్మ తర్వాత కనిపించినా దెబ్బ అప్పటికే నిర్ణయమైపోతుంది. ఇది అలవాటు చేసుకోదగినదే, అయితే పింగ్ ఎక్కువ ఉన్నవారికి అలవాటు ఆలస్యంగా వస్తుంది. వార్‌క్రాఫ్ట్ మీరు ముందుగా నొక్కిన మీటను గుర్తుంచుకుని వరుసలో పెడుతుంది కాబట్టి ఆలస్యాన్ని మరింత బాగా ఓర్చుకుంటుంది.

కంట్రోలర్‌తో ఆడేవారికి మాత్రం చర్చ అక్కర్లేదు. ఫైనల్ ఫాంటసీ కంప్యూటర్‌తో పాటు ప్లేస్టేషన్‌లోనూ, 2024 మార్చి నుంచి ఎక్స్‌బాక్స్‌లోనూ ఉంది, దాని మీటల అమరిక కంట్రోలర్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినదే. వార్‌క్రాఫ్ట్ విండోస్, మ్యాక్ కంప్యూటర్లకే పరిమితం.

మనుషుల సంగతి

ఫైనల్ ఫాంటసీలో మనుషులు మంచివారు, వార్‌క్రాఫ్ట్‌లో కరుకువారు అని తరచూ వింటాం. మనుషులు ఎక్కడైనా ఒకటే. వారిని అలా నడిపించేది ఆట నియమాలు. కొత్తవారు ఈ విషయం అర్థం చేసుకుంటే రెండు చోట్లా తక్కువ బాధపడతారు.

ఫైనల్ ఫాంటసీలో కొత్తవారి పేరు పక్కన చిన్న పచ్చని మొలక గుర్తు ఉంటుంది. గుంపులో ఒకరైనా ఆ డంజన్‌కు మొదటిసారి వచ్చి ఉంటే, ముగిశాక అందరికీ అదనపు బహుమతి వస్తుంది. పాతవారికి రోజూ ఏదో ఒక పాత డంజన్‌కు వెళితే ప్రతిఫలం దక్కే ఏర్పాటు ఉంది. అందుకే 2013 నాటి డంజన్‌కు కూడా ఈరోజు తోడు దొరుకుతుంది. ఆట చివర ఎవరు బాగా ఆడారో మెచ్చుకుని ఒక ఓటు వేయవచ్చు. ఎవరు ఎంత దెబ్బ కొట్టారో కొలిచే బయటి పరికరాలు నియమాలకు విరుద్ధం, ఆ అంకెలు చూపి ఒకరిని వేధిస్తే ఖాతా మీద చర్య తీసుకుంటారు. ఇన్ని ఏర్పాట్ల మధ్య కొత్తవారి తప్పు ఎవరికీ నష్టం కాదు. నష్టం లేనిచోట ఓర్పు సులభం.

వార్‌క్రాఫ్ట్ మిథిక్ ప్లస్‌లో గడియారం మించితే మీరు చేరిన కష్టం మెట్టు తగ్గిపోతుంది. అంటే ఒకరి పొరపాటు ఐదుగురి గంటను తినేస్తుంది. అందుకే గుంపు కట్టేవారు మీ రేటింగ్ అంకె చూసి తీసుకుంటారు, అంకె లేనివారిని పిలవడానికి జంకుతారు. అంకె లేకపోతే గుంపు దొరకదు, గుంపు దొరకకపోతే అంకె రాదు. ఈ చిక్కుముడిని విప్పేది గిల్డ్, అంటే కలిసి ఆడే ఆటగాళ్ల సంఘం, ఒక్కటే. మొదట్లో చెప్పిన మనుషుల అవసరం ఇదే. నలుగురు స్థిరమైన తోడు ఉన్నవారికి వార్‌క్రాఫ్ట్ ఏళ్ల తరబడి తరగని ఆట. తోడు లేకుండా, తోడు వెతుక్కునే ఉద్దేశం కూడా లేకుండా వచ్చినవారు గరిష్ఠ లెవెల్ చేరాక కొద్దికాలానికే ఏం చేయాలో తోచక ఆగిపోతారు.

ఆ లోకంలో మనుషులు ఎంత అనూహ్యంగా ప్రవర్తిస్తారో చెప్పే పాత సంఘటన ఒకటుంది. 2005 సెప్టెంబరులో ఒక రైడ్ బాస్ అంటించే రక్తవ్యాధి, ఆటగాళ్ల పెంపుడు జంతువుల ద్వారా రైడ్ దాటి నగరాలకు పాకింది. కొందరు పారిపోయారు, కొందరు వైద్యం చేయడానికి వచ్చారు, కొందరు కావాలనే అంటించారు. అంటువ్యాధుల శాస్త్రవేత్తలు దాని మీద అధ్యయనం చేసి 2007లో వైద్య పత్రికలో ప్రచురించారు. అలాంటి అదుపులేని సజీవత వార్‌క్రాఫ్ట్ నేలలోనే ఉంది. ఎంతో పద్ధతిగా నడిచే ఫైనల్ ఫాంటసీలో దానికి చోటు తక్కువ.

ఇప్పటికే ఆడుతున్న మిత్రుడితో కలిసి ఆడాలన్న కోరికతో వచ్చేవారు జాగ్రత్తగా ఆలోచించాలి. వార్‌క్రాఫ్ట్‌లో ప్రాంతాలు మీ లెవెల్‌కు తగ్గట్టు మారతాయి, వేర్వేరు లెవెల్స్‌లో ఉన్నవారు జతకట్టి ఆడే ఏర్పాటూ ఉంది. ఫైనల్ ఫాంటసీలో మీ మిత్రుడు డాన్‌ట్రెయిల్‌లో ఉంటే మీరు అతడిని చేరడానికి నెలలు పడుతుంది. కథలో కొన్ని పోరాటాలు ఒంటరిగానే చేయాలి. ఇద్దరూ కొత్తగా ఒకేసారి మొదలుపెడితే మాత్రం, ఒక్కో అధ్యాయం ముగిశాక దాని గురించి మాట్లాడుకోవడంలో ఉన్న ఆనందం వేరు.

ఒంటరిగా ఆడేవారికి, ఇల్లు కావాలనుకునేవారికి

ఎవరితోనూ మాట్లాడకుండా ఆడాలనుకుంటే రెండూ ఇప్పుడు అనుకూలమే. ఫైనల్ ఫాంటసీలో ప్రధాన కథలోని డంజన్లన్నీ కంప్యూటర్ నడిపే పాత్రలతో పూర్తి చేయవచ్చు. ఒకే పాత్రతో అన్ని జాబ్‌లూ నేర్చుకోవచ్చు: డాన్‌ట్రెయిల్ నాటికి ఇరవై ఒక్క పూర్తిస్థాయి యుద్ధ జాబ్‌లు, వాటికి తోడు ఎనిమిది వస్తువుల తయారీ వృత్తులు, మూడు సేకరణ వృత్తులు. చేపలు పట్టడం, వంట చేయడం ఇక్కడ పక్కపని కాదు, వాటికి సొంత కథలు, సొంత దుస్తులు, సొంత సవాళ్లు ఉన్నాయి. యుద్ధం మీద ఆసక్తి తగ్గిన రోజున కూడా చేయడానికి పని ఉంటుంది. వార్‌క్రాఫ్ట్‌లో ఒక పాత్రకు ఒకే తరగతి, రెండే ముఖ్య వృత్తులు. మరొకటి ఆడాలంటే కొత్త పాత్ర చేయాలి. 2024లో ది వార్ వితిన్ ఎక్స్‌పాన్షన్‌తో ఒక ఖాతాలోని పాత్రలన్నీ చాలా సంపాదనను పంచుకునేలా మార్చారు, ఒంటరిగా ఆడుకోగల చిన్న డంజన్లైన డెల్వ్‌లూ అప్పుడే వచ్చాయి. వాటిలో మంచి ఆయుధాలు దొరుకుతాయి.

ఇళ్ల విషయంలో ఫైనల్ ఫాంటసీ పట్ల నాకు నిజమైన ఫిర్యాదు ఉంది. స్థలాలు పరిమితం, 2022 నుంచి లాటరీలో గెలవాలి, గెలిచాక 45 రోజులు ఇంట్లో అడుగుపెట్టకపోతే కూల్చేస్తారు. ఆట నుంచి విరామం తీసుకుని మళ్లీ రమ్మని యోషిదా స్వయంగా చెబుతారు. ఇల్లున్నవారికి ఆ విరామం ఇవ్వలేని నియమం ఇది. వార్‌క్రాఫ్ట్‌కు ఇళ్లు మిడ్‌నైట్ ఎక్స్‌పాన్షన్‌తో ఆలస్యంగా వచ్చినా, లాటరీ లేకుండా కోరినవారందరికీ ఇవ్వాలన్న నిర్ణయంతో వచ్చాయి.

విరామం తీసుకుంటే కథకు మాత్రం నష్టం లేదు, అది మీ కోసం ఆగుతుంది. ఫైనల్ ఫాంటసీని ఆరు నెలలు వదిలేసి వచ్చినా ఆపిన అధ్యాయం నుంచే మొదలవుతుంది. వార్‌క్రాఫ్ట్ సీజన్ల మీద నడుస్తుంది. సీజన్ మారితే పాత ఆయుధాల విలువ పోతుంది, డంజన్ల జాబితా మారుతుంది. పోటీ ఇష్టపడేవారికి అది ప్రతిసారీ అందరితో సమానంగా మొదలుపెట్టే అవకాశం. నిలకడగా పోగుచేసుకోవడం ఇష్టపడేవారికి అది గుండెకోత.

వార్‌క్రాఫ్ట్ వైపు మొగ్గేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. అదే చందాలో 2019లో తెరిచిన క్లాసిక్ కూడా ఉంటుంది. 2004 నాటి నెమ్మదైన లోకం అది. దారి చూపే బాణాలు లేవు, అడవిలో ఒకేసారి ఇద్దరు శత్రువులు మీద పడితే ప్రాణాపాయం, ముక్కూముఖం తెలియనివారి సాయం నిజంగా అవసరం. చచ్చిపోతే పాత్ర శాశ్వతంగా పోయే హార్డ్‌కోర్ సర్వర్లు 2023లో వచ్చాయి. ఆధునిక వార్‌క్రాఫ్ట్ తొందర నచ్చనివారు ఫైనల్ ఫాంటసీకి మారేముందు దీన్ని కూడా చూడాలి.

చందా కట్టేముందు

రెండింటినీ ఉచితంగా రుచి చూడవచ్చు, కానీ ఆ రుచుల పరిమాణంలో పోలికే లేదు. వార్‌క్రాఫ్ట్ ఉచిత భాగం లెవెల్ 20తో ఆగుతుంది. గిల్డ్‌లో చేరలేరు, వేలంశాల వాడలేరు. చేతికి ఎలా తగులుతుందో తెలుసుకోవడానికి అది చాలు, ఆట అసలు స్వరూపం తెలియడానికి చాలదు. ఫైనల్ ఫాంటసీ ఉచిత భాగం 2023 అక్టోబరు నుంచి లెవెల్ 70 వరకు ఉంది. మొదటి ఆటతో పాటు హెవెన్స్‌వర్డ్, స్టార్మ్‌బ్లడ్ పూర్తిగా వస్తాయి, రోజుల గడువు లేదు. ఆటలోని డబ్బు గిల్‌ను 3,00,000 మించి దాచలేరు, సంతలో కొనలేరు అమ్మలేరు, ఆటగాళ్ల సంఘంలో చేరలేరు. కథ కోసం వచ్చినవారికి ఈ హద్దులు పెద్దగా అడ్డు రావు.

అందుకే ఒంటరిగా, ఎవరి సిఫారసూ లేకుండా మొదలుపెట్టేవారికి నా సలహా ఫైనల్ ఫాంటసీ ఉచిత భాగమే. ఆంగ్లంలో చాలా చదవాల్సి వస్తుందని, ఆ ఆంగ్లం కూడా పాతకాలపు పోకడలతో ఉంటుందని ముందే తెలుసుకుని వెళ్లండి. ఇషగార్డ్ చేరాక కూడా మనసు లాగకపోతే నిశ్చింతగా వదిలేయండి, అంతకు మించి వేచి చూడనక్కర్లేదు. రోజుకు గంట మాత్రమే ఉండి, ఆ గంటలో చురుకైన పోరాటం కావాలనుకునేవారు, ఇప్పటికే గిల్డ్‌లో ఉన్న మిత్రులు పిలుస్తున్నవారు నేరుగా వార్‌క్రాఫ్ట్‌కు వెళ్లవచ్చు. అక్కడ చందా కడితే సరికొత్తది తప్ప పాత ఎక్స్‌పాన్షన్లన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి తాజా ఎక్స్‌పాన్షన్‌ను మొదటి రోజే కొనాల్సిన పని లేదు. ఆటలో సంపాదించిన బంగారంతో టోకెన్ కొని నెల చందాగా మార్చుకునే వీలు కూడా ఉంది, అయితే అంత బంగారం కొత్తవారికి తొందరగా రాదు.

ఫైనల్ ఫాంటసీ కొనేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. ఉచిత ఖాతాను ఒకసారి పూర్తి ఖాతాగా మార్చాక, చందా ఆపేసినా మళ్లీ ఉచిత భాగానికి తిరిగి వెళ్లలేరు. కాబట్టి స్టార్మ్‌బ్లడ్ ముగిసేదాకా మార్చవద్దు. కంప్యూటర్‌లో మూల ఆటను స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొంటే ఎక్స్‌పాన్షన్లు కూడా స్టీమ్‌లోనే కొనాలి, సంస్థ సొంత దుకాణంలో కొంటే అక్కడే కొనసాగాలి. మధ్యలో మార్చుకునే వీలు లేదు గనుక ఏ దుకాణమో మొదటి రోజే నిర్ణయించుకోండి.